ఎర్ర టేపు లేని తీగ

జూన్ 14, ఆదివారం
మధ్యాహ్నం

అక్కకి,

నమస్కారాలు. పిన్నికి కూడా చెప్పు. బుజ్జిదానికి రెండు బుగ్గల మీదా ముద్దులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయకపోతే ఉత్తరం మొదలవదు కాబట్టి రాశాను. నమ్మమని మాత్రం అడగను.

ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తినా ఊఁ, ఆఁ తప్ప రెండో మాట ఉండదు. పోనీ మెసేజి పెడదామా అంటే నేను చెప్పాల్సింది అందులో పట్టేది కాదు. అందుకని కాగితం ముందేసుకుని కూర్చున్నాను. చదవకుండా చింపావో, ఒట్టు, ఇక జన్మలో నీతో మాట్లాడను. నా సంగతి నీకు తెలుసుగా, రెండో రోజుకే మళ్ళీ ఫోను చేస్తాను, అయినా ఒట్టు ఒట్టే.

ముందు మెషీను సంగతి చెప్తాను. అదే, ఇనుము చెక్కే ఆ కంప్యూటర్ లేతు. దాని పేరెత్తితే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. ఏం చెయ్యను, ఉత్తరమంతా దాని గురించే. బావ చెయ్యి పోయిన రోజున తనిఖీకి వచ్చినాయన దానికి కరెంటు ఇప్పించి, తలుపు తెరిచి చూశాడు. తలుపు తెరిస్తే ఆగిపోవాల్సిన మెషీను ఆగలేదు. డోర్ స్విచ్చిని దాటేసి లోపల ఎక్కడో తీగ కట్టారు, ఎవరా కట్టింది అని అడిగాడు. మా ఫిట్టరు సణుగుడు బాబాయి, అంతకుముందు బయటి రిపేరు మనిషి ఒకడొచ్చి దాన్ని కెలికి పోయాడు, వాడి నిర్వాకమే అయ్యుంటుంది అన్నాడు. బావ అప్పటికి ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉన్నాడు. మా షాపు ఓనరుగారు మెషీను మీద టార్పాలిను కప్పించి, వైర్ల పెట్టెకి తాళం వేయించి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

ఇప్పుడు ఆయనకి దాన్ని మళ్ళీ తిప్పాలని బుద్ధి పుట్టింది. ఇనుమంతా గట్టిగానే ఉందమ్మా, పాత కంట్రోలు పీకేసి కొత్త కంట్రోలు, కొత్త మోటార్లు పెట్టి వైరింగు మార్చేస్తే కొత్త మెషీనే కదా అంటారు. ఊళ్ళో వాళ్ళ ముసలి మెషీన్లన్నిటికీ బావా నేనూ ఏళ్ళ తరబడి చేస్తున్న పనే అది. కాని దీనికి నేనెలా చెయ్యనే? నా వల్ల కాదండీ అన్నాను. అయితే బయటి వాళ్ళని పిలుస్తాలే అన్నారు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి, బావ కూర్చుని కూర్చుని కట్టిన వైర్లన్నీ కచకచా కోసి చెత్తబుట్టలో పారేస్తాడు అనుకునేసరికి ఇక ఆగలేకపోయాను. సరే, నేనే చేస్తాను అనేశాను. ఇంకో కారణం కూడా ఉంది. ఆ తీగ ఎవరిదో నా కళ్ళతో నేనే చూడాలనుకున్నాను.

పెళ్ళికి ముందు బావని నువ్వు అడిగింది ఒక్కటే. నాన్న పనిచేసే చోట ప్రెస్సు కింద చేతులు పడకుండా ఉండే గార్డుని పైకెత్తి, తీగతో కట్టేసి నడిపించడం వల్లే కదా నాన్న మనకి లేకుండా పోయాడు. ఆ సంగతంతా చెప్పి, నా మెడలో తాళి కట్టకపోయినా పర్వాలేదు గానీ, ఏ మెషీనుకీ కాపలా తీసేసి నడపనని మాటివ్వు అన్నావు. బావ నీ చేతిలో చెయ్యి వేశాడు. నేను పక్కనే ఉండి, ఇవేం ప్రేమ కబుర్లే తల్లీ అని నవ్వాను. ఆ చెయ్యే ఇప్పుడు లేదు.

అందుకే ఆసుపత్రిలో నువ్వు అలా అడిగావు. ఆ తీగ నువ్వు కట్టావా లేదా, ఒక్క మాట చెప్పు చాలు అన్నావు. బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. తను కట్టలేదని తేలితే కబురు పెట్టు, ఆ రోజే బయల్దేరి వస్తాను, కట్టాడని తేలితే ఇంక నన్ను పిలవొద్దు అని నాతో చెప్పి, బుజ్జిదాన్ని చంకనేసుకుని పిన్ని ఇంటికి వెళ్ళిపోయావు. అమ్మ గేటు పట్టుకుని నిలబడిపోయింది. నిన్ను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు, ఇప్పటికీ రాదు.

సరే, విను. తేలింది. ఆ తీగ బావ కట్టలేదు.

మొన్న కాక అంతకుముందటి శుక్రవారం పెట్టె తెరిచాను. లోపలంతా నూనె జిడ్డు, దాని మీద దుమ్ము అట్టకట్టి ఉంది. ఒకే తీగ రెండు కొసలకీ తగిలిస్తే కూసే మీటరు పట్టుకుని, అది కూసినప్పుడల్లా ఈ కొస ఇది, ఆ కొస అది అని ఒక్కో తీగకీ చీటీ కట్టుకుంటూ వచ్చాను. చివరికి డోర్ స్విచ్చి దగ్గర దొరికింది. రెండు స్క్రూల మధ్య ఓ నల్ల తీగ ముక్క. కొసలు ఎలాపడితే అలా మెలితిప్పి, పైన ఇంత నల్ల టేపు చుట్టి దోపేశారు. ఛీ, చూస్తేనే అసహ్యం వేసింది.

బావ చేతి పని నాకు తెలియదా అక్కా! నాకు ఈ విద్య నేర్పిందే తను. తీగ కొసకి లగ్గు అనే రాగి తొడుగు నొక్కకుండా, నంబరు గొట్టం తొడక్కుండా స్క్రూ కింద పెట్టనిచ్చేవాడు కాదు. వైర్ల కట్ట మూల తిరిగే చోట బావ ఓ వంపు తిప్పుతాడు, ఎన్నిసార్లు చూపించినా నాకది పట్టుబడలేదు. పరీక్ష కోసం తాత్కాలికంగా ఏ తీగ వేసినా దానికి ఎర్ర టేపు చుట్టి వదిలేవాడు. పెట్టె తెరిచినవాడికి అది కంట్లో పొడవాలి, పని కాగానే పీకెయ్యాలి అనేవాడు. ఓసారి నేను ఆ టేపు చుట్టడం మరిచిపోతే, మరదలన్న మొహమాటం కూడా లేకుండా అందరి ముందూ దులిపేశాడు. ఈ తీగకి లగ్గు లేదు, నంబరు లేదు, ఎర్ర టేపు అంతకన్నా లేదు. సణుగుడు బాబాయి అన్నట్టు బయటివాడి పనే. మరి బావ ఎందుకు నోరు విప్పలేదంటావా? రోషం. మీ ఆయన రోషం సంగతి నాకంటే నీకే బాగా తెలుసు.

ఇక బావ గురించి రాయాలంటే పెన్ను కదలడం లేదు. పొద్దస్తమానం వెనక గదిలో మంచం మీద, బీరువా వైపు మొహం పెట్టి కూర్చుంటాడు. చొక్కా గుండీలు నేను పెడతానంటే తలుపేసుకుంటాడు. ఎంతసేపటికో బయటికి వస్తాడు, చూస్తే గుండీలన్నీ ఒకదాని కన్నంలో ఇంకోటి దూరి ఉంటాయి. నేను చూడనట్టు ఊరుకుంటాను. అమ్మ అన్నం ముద్దలు చేసి పెడుతుంటే తల దించుకుని తింటాడు. అప్పుడు అమ్మ మొహం, బావ మొహం రెండూ చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.

ఎడం చేత్తోనైనా పట్టుకుని చూస్తాడేమో అని ఆశపడి చిన్న స్క్రూడ్రైవరు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాను. దాన్ని తీసి డ్రాయరులో పడేసి, ఇవన్నీ నీవేనే, ఇక మీదట నీకే పనికొస్తాయి అన్నాడు. కోప్పడినా బాగుండేది. ఆ మాట ఎంత నెమ్మదిగా అన్నాడో చెప్పలేను. గేటు చప్పుడైతే మాత్రం తలెత్తుతాడు. పాలవాడో, పక్కింటివాళ్ళో అని తెలిశాక మళ్ళీ బీరువా వైపు తిరుగుతాడు. నేనైతే గేటు బందులకి నూనె వేసేశాను, చప్పుడు రాకుండా.

నాకూ ఏం బాగాలేదే. పాత వైరింగంతా విప్పేశాను. కొత్త మోటార్లు బిగించాం, కొత్త వైర్లు లాగుతున్నాను. ఈసారి పెట్టిన తాళం ఎలాంటిదంటే, మెషీను తిరుగుతున్నంతసేపూ తలుపు తెరుచుకోనే తెరుచుకోదు. ఓనరుగారు దాన్ని అందరికీ తెరిచి మూసి చూపిస్తూ మురిసిపోయారు. నాకు మాత్రం మండిపోయింది. ఈ బుద్ధి అప్పుడు ఎక్కడికి పోయిందండీ అన్నాను మొహం మీదే. ఆయన టీ తెప్పించారు. నేను తాగలేదు. ఈ వారంలో కరెంటు ఇచ్చి తిప్పి చూడాలి. దాన్ని ప్రాణం పెట్టి బాగు చేస్తున్నాను, అది తిరిగితే ఎలా చూస్తానో తెలియడం లేదు. ఒక్కోసారి సుత్తి తీసుకుని ఆ కొత్త స్క్రీను పగలగొట్టెయ్యాలనిపిస్తుంది.

నువ్వు వచ్చెయ్యి అక్కా. నువ్వడిగిన జవాబు దొరికింది కదా. ఇక పంతం దేనికి? బావని నువ్వేమీ అడగక్కర్లేదు, ఓదార్చక్కర్లేదు. నీ మామూలు గొంతుతో, ఏంటా గుండీలు అని ఒక్క కసురు కసిరితే చాలు.

నువ్వు గయ్యాళి అని పిలిచే,
నీ కోసం దిక్కులు చూస్తున్న,
నీ చెల్లెలు

తా.క. కవరు అంటించేశాను, మళ్ళీ చింపాను. పైన తీగ సంగతి నేను రాసింది అబద్ధం.

ఆ తీగ బావదే. రెండు కొసలకీ లగ్గులున్నాయి, నంబరు గొట్టాలున్నాయి. పెద్ద కట్టలో కలిపేసి, నాకు చేతకాని ఆ వంపు కూడా తిప్పి కట్టి ఉంది. మీటరు కూసింది కాబట్టి నాకు దొరికింది గానీ, కంటికి ఎంత వెతికినా ఆనదు. ఒక్క ఎర్ర టేపు మాత్రం నిజంగానే లేదు.

ఇందాక దాన్ని తీసుకెళ్ళి బావ ఒళ్ళో పెట్టాను. ఎడం చేత్తో తిప్పి తిప్పి చూసుకున్నాడు. అప్పుడు చెప్పాడు. డోర్ స్విచ్చి పాడై, తలుపు మూసి ఉన్నా పని మధ్యలో మెషీను ఆగిపోయేదట. సరుకు వెళ్ళాలని ఓనరుగారు నెత్తి మీద కూర్చున్నారట. కొత్త స్విచ్చి వచ్చేదాకా అని కట్టాడట. ఆ స్విచ్చి రావడం ఆలస్యమైంది, ఈలోగా వేరే షాపు పని మీద తిరిగాడు, ఆ తీగ మిగతా తీగల్లో ఎంత చక్కగా కలిసిపోయిందంటే కట్టిన తనకే గుర్తు లేకుండా పోయిందట. ఆ రోజు మెషీను పని మధ్యలో కాసేపు నిలిచి ఉంటే, తలుపు తీశాను కదా, ఇక కదలదులే అనుకుని, చుట్టుకున్న ఇనప పీచు లాగడానికి చెయ్యి లోపల పెట్టాడట.

ఎర్ర టేపు ఎందుకు చుట్టలేదు బావా అని అడిగాను. చుడితే పెట్టె తెరిచినప్పుడు నేను చూస్తాననట. చూస్తే ఇంటికొచ్చి నీకు చెప్పేస్తాననట. నాన్న గుర్తొచ్చి నువ్వు ఏడుస్తావనట.

కట్టాడని తేలితే పిలవొద్దన్నావు. పిలవడం లేదు. పైన కాగితాలు తీసేసి ఈ ఒక్క ముక్కే పంపుదామనుకున్నాను, తీయలేకపోయాను. నేనూ నాన్న కూతురినే. అయినా ఆ తీగ గురించి నీకు అబద్ధం రాసేదాకా వచ్చాను. నువ్వు లేకుండా ఈ ఇల్లు ఎలా ఉందో ఇంతకన్నా చెప్పడం నాకు రాదు అక్కా.