చింతపండుతో తోమిన గుడ్డు

మంగళవారం, రాత్రి

ఈరోజు మా అత్తమ్మ రాగి చెంబు తోమినట్టు కోడిగుడ్డును చింతపండుతో తోమింది. నాకు ఆరో నెల కదా, బలానికని మా ఆయన కాటన్‌పేట అంగడి నుంచి గోధుమ రంగు నాటుగుడ్లు తెచ్చారు. తెల్లగుడ్లకు టీ డికాషన్ పట్టించి నాటుగుడ్లని అమ్ముతారని ఆమె అనుమానం. తోమేసరికి రంగు నిజంగానే వదిలింది.

"ఏమప్పా, నీకు రంగేసిన గుడ్లు అంటగట్టినారు! చూడు, ఎట్ల పోతా ఉండాదో!" అని కొడుకు మీద లేచింది. అంగడాయనతో జగడానికి చెప్పులు కూడా వేసుకుంది. నేను ఆపి, ఫోన్లో వెతికి చదివాను. ఏ గుడ్డుకైనా పెంకు ముందు తెల్లగానే తయారవుతుందట. గోధుమ రంగు చివర్లో, కోడి కడుపులోనే, పైపూతగా పడుతుందట. పులుపుతో తోమితే అసలు గుడ్డుకైనా వదులుతుందట.

"మేత మారిస్తే తెల్లగా పెడ్తాదా?"

"లేదత్తమ్మా. ఏం మేపినా ఆ కోడి జాతి రంగే వస్తుంది."

ఆమె పొయ్యి వైపు తిరిగింది. పొయ్యి మీద నా కుంకుమపువ్వు పాలు కాగుతున్నాయి. బిడ్డ తెల్లగా పుట్టాలని పక్కింటావిడ ఇచ్చిన పువ్వు అది. నా నలుపే వస్తే ఈ ఇంట్లో ఎవరి ముఖమైనా చిన్నబోతుందేమోనని, ఆ గ్లాసు అందుకున్నప్పుడల్లా నాకు బెంగ. ఎవరికీ చెప్పలేదు.

అత్తమ్మ పాలు గ్లాసులో పోసింది. నాకివ్వలేదు.

"నీ రంగే రానీలేమ్మా, లక్షణంగా ఉంటాది" అని తానే గటగటా తాగేసింది. పాల మీసం తుడుచుకోకుండానే, ఆ తోమిన గుడ్డు ఉడకబెట్టి నాకు పెట్టింది.