కప్పు కింద నిలబడ్డ ఎలుక

రాజవ్వ అక్కకు, నీ తమ్ముడు మల్లయ్య కాళ్ళు మొక్కి రాసేది.

రామకృష్ణాపూర్‌లో నువ్వు, బావ, పిల్లలు మంచిగున్నారనుకుంటాను. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? దవాఖానకు పోయావా? నేను మంచిగున్నాను. నిజంగా మంచిగున్నాను. సంతోషంతో గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

గోదావరిఖనికి కొడుకు రవి దగ్గరికి వచ్చిన కొత్తలో ఏమీ తోచలేదక్కా. ఎండ సంగతి నీకు తెలిసిందే. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే ఇంట్లో గిన్నెలు గలగలమంటాయి. రవి డ్యూటీకి పోతే కోడలు స్వరూపే నాకు తోడు. బొగ్గుబాయిలో మేము అన్నం తింటూ ఎలుకలకు ముద్ద ఎందుకు వేసేవాళ్ళమో మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది. బాయి కప్పు కూలే ముందు అవి ఉరుకుతాయి, వాటిని చూసి మేము ఉరుకుతాం, అందుకే అవి మా చుట్టాలని చెప్పేవాణ్ణి.

రవి ఆదివారం పేపర్లో బొమ్మల కథ వేస్తాడు కదా. అందులో బాయి ఎలుకకూ పిల్లికీ పెళ్ళయింది. మొదటి రాత్రి పిల్లి, "భయపడకు, ఇయ్యాల నాకు ఒక్కపొద్దు" అంటుంది. కడుపుబ్బ నవ్వాను. కానీ ఆ పిల్లికి అచ్చం స్వరూప ముక్కుపుడక, స్వరూప కొప్పు పెట్టాడు పిచ్చోడు! నల్లా దగ్గర ఆడవాళ్ళు, "ఏందే పిల్లీ, మొగుణ్ణి ఎప్పుడు తింటవ్?" అని ఆటపట్టించారు.

"నన్ను అడగకుండ ఊరందరి నోట్ల ఏసినవ్" అని రవి మీద ఏడ్చి, స్వరూప బసంత్‌నగర్ తల్లిగారింటికి పోయింది. ఫోన్ ఎత్తలేదు. రవి పోతే తలుపు తీయలేదు. ఇల్లు బావురుమన్నది. నేను వండిన ఉప్పెక్కువైన పప్పే ఇద్దరం తిన్నాం.

రవి పిల్లిని వేయడం మానేశాడు. మొన్నటి బొమ్మలో బాయి కప్పు కిర్రుమంటున్నది. ఎలుకలన్నీ ఉరుకుతున్నాయి. మన ఎలుక మాత్రం కదలదు. ఇంకో ఎలుక ఆగి అడుగుతుంది:

"ఉరుకవేందిరా?"

"ఆమె వస్తె నన్ను ఈడనే దేవులాడుతది."

"కప్పు కూలితె?"

"ఇంకా మంచిగాయె. ఎటూ పోను గద!"

నవ్వు మొదలై ఏడుపైందక్కా. పేపరు ముఖం మీద కప్పుకుని కూర్చున్నాను. ఆ మధ్యాహ్నమే బస్సు దిగి వచ్చింది స్వరూప! చేతిలో అదే పేపరు. చెప్పులు కూడా విప్పలేదు.

"మామా, ముందుగాల ఆ ఎలుకను ఉరికియ్యమను నీ కొడుకును."

"నువ్వు రాకుంటె అదెట్ల ఉరుకుతది?" అన్నాడు రవి.

"వచ్చిన గద! పిల్లి దాని మెడ పట్టి బయటికి గుంజుకొస్తదని వెయ్యి."

"తిననీకా, బతికించనీకా?"

"ముందుగాల బయటికి రానియ్యి. తర్వాత చూద్దం."

అదే వచ్చే ఆదివారం బొమ్మ! ముక్కుపుడక తీసేశాడు. కొప్పు ఉంచమన్నది ఆమే. బావకు చదివి వినిపించు, ఆ పేపరు దాచిపెట్టు. నా గొంగడి అక్కడే మరిచాను, ఇటు వచ్చేవాళ్ళతో పంపు. బావకు శనార్థులు, పిల్లలకు ముద్దులు. పెద్దదానివి, నా పిల్లలిద్దరినీ చల్లగా ఉండమని దీవించు.

ఇది రాస్తుంటే వాళ్ళు లోపల అన్నం తింటున్నారు. స్వరూప తన కంచంలోంచి ముద్ద తీసి రవి కంచంలో వేసి, "ఇది ఎలుకకు" అంటున్నది. నేను చూడనట్టే తల వంచి రాస్తున్నాను.

నీ తమ్ముడు,
మల్లయ్య