తల దువ్వుకున్న రోగి

చిరంజీవి చిట్టికి బాబాయి ఆశీస్సులు.

విషయం: బైపోలార్ జబ్బు ఉన్నవాళ్ళ మీద జనానికున్న చిన్నచూపు పోగొట్టే మూడు నిమిషాల బొమ్మల సినిమా. అందులో నువ్వు చేసిన పొరపాట్లు.

నువ్వు పంపిన సినిమా మా ఆరోగ్య కార్యాలయం కమిటీ అంతా కూర్చుని చూసింది. బొమ్మలు బ్రహ్మాండం. మా అన్నయ్య కూతురని నలుగురికీ చెప్పుకున్నాను. అయితే రోగి ఎప్పుడొస్తుందా అని చివరిదాకా ఎదురుచూశాం. దీపాలు వేశాక తెలిసింది, ఆ గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే అమ్మాయే రోగి అని! శుభ్రంగా తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని ఉంది. పైగా ఉద్యోగానికి వెళుతోంది. ఇలాగైతే జనం ఎలా గుర్తుపడతారమ్మా? ముందు చిన్నచూపు అంటూ కలిగితే కదా, తర్వాత మేం పోగొట్టేది.

కాబట్టి జుట్టు చెదరగొట్టు. కళ్ళు ఎర్రగా చెయ్యి. ఆమె వచ్చినప్పుడల్లా ఒక ఉరుము వినిపించు.

నీ బాబాయి,
అవగాహన విభాగం అధికారి (స్టాంపు వేశాను, చూసుకో)

తా.క.: కొత్త డైరెక్టరుగారు సోమవారం చార్జి తీసుకుంటారు. మేమెవరమూ ఆయన్ని ఇంకా చూడలేదు. మహా శాంతమూర్తి అట. ఆయన వచ్చేలోగా ఫైలు తేలిపోవాలి.

ఇంకో తా.క.: మన ఇంటావంటా లేని జబ్బు గురించి ఎంత శ్రద్ధగా తీశావే!

---

బాబాయికి నమస్కారాలు.

జుట్టు చెదరగొట్టను. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి కొన్ని వారాలు ఒంట్లో ఉరకలే ఉరకలు. నిద్ర అక్కర్లేదనిపిస్తుంది. అప్పుడే ఆ అమ్మాయి గ్రంథాలయం మొత్తాన్ని అట్టల రంగుల ప్రకారం సర్దేసింది. ఇంకొన్ని వారాలు దువ్వెన ఎత్తడానికి కూడా చెయ్యి రాదు. డాక్టరు ఇచ్చిన మందులు వేసుకుంటూ ఉంటే చాలాకాలం మీలాగా నాలాగానే ఉంటారు. అలా ఉన్నప్పుడు తల కూడా దువ్వుకుంటారు.

ఇదంతా ఊహించి గీసింది కాదు. ముఖం ఎదురుగా పెట్టుకుని చూస్తూ గీయడం మా పనిలో పద్ధతి. ఆ మనిషి రోజూ నా బల్ల దగ్గరే ఉంటుంది. ఎలా నవ్వుతుందో, ఎలా నీరసపడుతుందో చూసి గీశాను.

ఇట్లు,
చిట్టి

తా.క.: దువ్వెన ఎత్తలేని వారం కూడా సినిమాలో ఉంది, రెండో నిమిషంలో. అప్పుడు మీ కమిటీ టీ తాగుతున్నట్టుంది.

---

చిరంజీవి చిట్టికి,

నీ ఉత్తరం చదివాను. రోగి నీ బల్ల దగ్గర ఉంటుందా? రోజూనా? మీ అమ్మకు తెలుసా? మా విభాగం ఉన్నది చిన్నచూపు పోగొట్టడానికే, కాదనను. అయితే అది ఆఫీసు పని. ఇంటి పిల్లల విషయం వేరు.

వెంటనే కత్తెరలన్నీ సొరుగులో పెట్టి తాళం వెయ్యి. తాళం దీనితోపాటే పంపుతున్నాను. తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉంటుంది, ఎందుకైనా మంచిది.

కమిటీ మళ్ళీ కూర్చుంది. అమ్మాయి బదులు ఉడుతను పెట్టమని ఏకగ్రీవంగా సిఫారసు చేసింది. ఉడుతకు చుట్టాలుండరు, ఫిర్యాదు చేసేవాళ్ళుండరు.

నాలుగేళ్ళ క్రితం నువ్వు మూడు నెలల ట్రెయినింగుకి వెళ్ళొచ్చినప్పుడు పెన్నుమీద అక్షరాలు చెక్కించి నీకు బహుమతిగా ఇచ్చినవాణ్ణి. నీ మంచి కోరేవాడి మాట విను.

ఆందోళనతో,
బాబాయి (స్టాంపు)

తా.క.: ఆ మనిషి నీ కప్పుతోనే టీ తాగుతుందా?

---

బాబాయికి నమస్కారాలు.

అవును, నా కప్పుతోనే తాగుతుంది. మొన్న పిన్ని పుట్టినరోజుకి వచ్చిన కార్డు కూడా ఆ మనిషే ఆ కత్తెరతోనే కత్తిరించింది. పిన్ని దాన్ని అద్దాల బీరువాలో పెట్టుకుందట కదా.

ఉడుత కుదరదు. తెరమీద ఉడుత మాత్రలు మింగితే, రేపు పిల్లలు పెరట్లో ఉడుతల వెంట మాత్రలు పట్టుకుని పడతారు.

నవ్వులాట కాదు బాబాయ్, ఆ ముఖం మారిస్తే నేను సినిమా ఇవ్వను. చూసినవాళ్ళు "ఈవిడా? ఈవిడకా?" అనుకోవాలి. సినిమా అంతా ఆ ఒక్క మాట కోసమే. అది నాకెందుకంత ముఖ్యమో చెప్పాలంటే భయంగా ఉంది. శుక్రవారం పొద్దున మీరే మా స్టూడియోకి వచ్చి ఆ మనిషిని చూడండి. లోపలికి రండి, మాట్లాడండి.

ఇట్లు,
చిట్టి

తా.క.: మీ మాట మన్నించి కత్తెరలన్నీ సొరుగులో వేసి తాళం వేశాను. కాగితాలు పళ్ళతో చింపుతున్నాను. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో!

---

చిరంజీవి చిట్టికి,

శుక్రవారం వచ్చాం. నేనూ, కమిటీ సభ్యులు ఇద్దరూ. లోపలికి రాలేదు. తలుపు అద్దంలోంచి చూశాం, చాలు. చూడగానే పట్టేశాం! ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఊరికే పోతుందా?

నువ్వు ఆడమనిషి అన్నావు, అక్కడ ఉన్నది నడివయసు మగమనిషి. రోగి గుట్టు కాపాడాలని అలా రాశావని అర్థం చేసుకున్నాం. ఆయన ఏదో కాగితం చదువుతూ పగలబడి నవ్వాడు. అంతలోనే ముఖం కందగడ్డలా అయింది. బల్ల గుద్దాడు. నుదురు కొట్టుకున్నాడు. జుట్టు పీక్కున్నాడు. చివరికి ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. నిమిషంలో రెండు ధ్రువాలూ చూపించాడమ్మా!

నువ్వేమో పక్కనే నిమ్మళంగా కూర్చుని ఆయనకు మంచినీళ్ళు అందించావు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ గదిలో బుద్ధి స్థిమితంగా ఉన్న మనిషివి నువ్వొక్కదానివే.

ఆయన వాలకమంతా వివరంగా రాసి, ముగ్గురం సంతకాలు పెట్టి, "ఈ మనిషిని చూసి సినిమా మళ్ళీ గీయవలెను" అని సిఫారసు చేశాం. ఫైలు కొత్త డైరెక్టరుగారి బల్లమీద పెట్టించాను. సోమవారం ఆయన మొదటి సంతకం దీనిమీదే.

గర్వంతో,
బాబాయి (స్టాంపు)

తా.క.: మెట్ల మీద మేం పరిగెత్తామని మీ వాచ్‌మన్ చెబితే నమ్మకు. కాస్త చురుగ్గా దిగాం, అంతే.

---

బాబాయికి నమస్కారాలు.

ఈ ఉత్తరం అందగానే ఆఫీసుకు పరిగెత్తి, డైరెక్టరుగారి బల్లమీంచి ఆ ఫైలు తీసేయండి. ఈసారి నిజంగానే పరిగెత్తండి. మీరు అద్దంలోంచి చూసింది ఆయన్నే.

చార్జి తీసుకునేలోగా సినిమా చూద్దామని శుక్రవారం నా దగ్గరికి వచ్చారు. చూశాక ఇంకోసారి వేయించుకుని చూశారు. తర్వాత ఆఫీసువాళ్ళు మార్పులేమైనా చెప్పారా అని అడిగారు. స్టాంపులున్నాయి కదా అని మీ ఉత్తరాలు ఇచ్చాను. ఉరుము దగ్గర నవ్వారు. ఉడుత దగ్గర బల్ల గుద్దారు. నాలుగు ముక్కలు చేసింది మీ ఉడుత ఉత్తరాన్నే. నిజంగా శాంతమూర్తే. అంతకుముందు ఆయన గొంతుకి నా బల్లమీద చీమ కూడా బెదరలేదు.

ఇక మీరు చూడకుండా వెళ్ళిన మనిషి సంగతి. నా బల్లమీద ఒక అద్దం ఉంటుంది. బొమ్మల సినిమాలు గీసే మాలో చాలామంది బల్లమీద ఉంటుంది. అందులో చూసుకుంటూ నవ్వుతాం, ఏడుస్తాం, ఆ ముఖాన్ని గీస్తాం. నేను గీసింది ఆ ముఖాన్నే. నాలుగేళ్ళ క్రితం నేను వెళ్ళింది ట్రెయినింగుకి కాదు, ఆసుపత్రికి. మీకు చెబుతానంటే అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. "ఎవరికైనా చెప్పు కానీ మీ బాబాయికి వద్దే, ఆయన అవగాహన విభాగం" అంది.

ఆ గదిలో మీరు మెచ్చుకున్న మనిషే రోగి. మీకు తెలియకుండా ఇన్నేళ్ళూ మీ ఎదుట తల దువ్వుకునే తిరిగింది.

డైరెక్టరుగారు ఏ మార్పూ లేకుండా ఒప్పుకున్నారు. సోమవారం మీ ఆఫీసు హాల్లో అందరికీ వేస్తారు. నా పక్కన ఒక కుర్చీ మీకోసం ఉంచుతాను. మీరు ఇంకెక్కడో కూర్చుంటే నేను బాధపడతాను బాబాయ్. ముందే చెబుతున్నాను.

మీ
చిట్టి

తా.క.: తాళంచెవి తీసుకురండి. పళ్ళు నొప్పెడుతున్నాయి.

ఇంకో తా.క.: మీరిచ్చిన పెన్నుమీద "మూడు నెలల శిక్షణ విజయవంతంగా ముగించినందుకు" అని చెక్కించారు. దాన్ని చెరపాలని చాలాసార్లు అనుకున్నాను. ఇప్పుడు చూస్తే అందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు. ఆ అమ్మాయి బొమ్మలన్నీ మొదట దానితోనే గీశాను.