వెనిగర్ వాసన, వేలిముద్రలు

అన్నయ్యకి,

నమస్కారం. నీ మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను. నాకు మాత్రం కొత్త తలనొప్పి పట్టుకుంది.

వెనక గదిలో అద్దెకు దిగిన గడియారాల మెకానిక్ గురించి రాశాను కదా. మనిషి నెమ్మదస్తుడే. కానీ ఇంట్లో ఉన్నది ఒక్కటే బాత్‌రూమ్, వంతులవారీగా వాడుకుంటున్నాం. ఆదివారం నా వంతుకి వెళ్తే షవర్ మూతికి ప్లాస్టిక్ సంచి తగిలించి, దారంతో బిగించి కట్టి ఉంది. అందులో నీళ్ళలాంటిదేదో, ముక్కు పగిలే పులుపు వాసన. గోడ పలకల మీద తెల్లటి ముద్ద పూసి ఉంది. నా వంటసోడా డబ్బా సగమైంది. అడిగితే "షవర్ కడుగుతున్నానండీ" అన్నాడు, అదేదో మామూలు విషయమన్నట్టు.

చెప్పకుండా బాత్‌రూమ్ కడిగే మగాణ్ణి నువ్వెక్కడైనా చూశావా? పోయిన మా ఆయనతో కాపురం చేసిన ఇరవై రెండేళ్ళలో నేనైతే చూళ్ళేదు. ఈయన్ని ఉండనివ్వనా, పొమ్మననా?

ఎటూ తేల్చుకోలేని,
నీ చెల్లెలు

తా.క. కడిగాక షవర్ తళతళ మెరిసిపోతోంది. నా భయం అదే.

*

చెల్లాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు మామూలుగా, మూడోసారి భూతద్దం పెట్టి చదివాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు పోలీసుశాఖలో వేలిముద్రలు చూసి రిటైరైనవాడిగా చెబుతున్నాను, అంత శ్రద్ధగా తుడిచేవాడి దగ్గర దాచాల్సింది ఏదో ఉంటుంది. వాడు కడుగుతున్నది షవర్ కాదు, ఆనవాళ్ళు.

వాడి వేలిముద్రలు పంపు. కొళాయి పిడి మీద టాల్కమ్ పౌడర్ చల్లి, మెత్తటి కుంచెతో దులిపితే గీతలు తేలతాయి. వాటి మీద సెలోటేప్ అంటించి, తీసి, నల్ల కాగితం మీద వెయ్యి. పాత రికార్డులు తిరగేసే మిత్రులు నాకింకా ఉన్నారు. అందాకా వాణ్ణి ఓ కంట కనిపెడుతూ ఉండు.

అప్రమత్తంగా,
అన్నయ్య

తా.క. మనింటి షవర్ కూడా కాస్త అనుమానాస్పదంగా ఉంటే బాగుండునని మీ వదిన అంటోంది. పట్టించుకోకు.

*

అన్నయ్యకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. దొరికిపోయాను.

కుట్టుమిషను దులిపే కుంచె పట్టుకుని పిడి దగ్గర వంగి ఉండగా ఆయన వచ్చాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. "పౌడర్‌తో పోదండీ, ఇది నీళ్ళ గార" అని, నిమ్మచెక్క ఉప్పులో అద్ది నా చేతికిచ్చి రుద్దమన్నాడు. రుద్దాను. ఏం చెయ్యను మరి! పలకల మీద సోడా ముద్ద కూడా నా చేతే పూయించాడు. దాని మీద వెనిగర్ చల్లితే బుస్సుమని పొంగింది. "షవర్‌కున్న ముప్ఫై ఆరు కన్నాల్లో పద్దెనిమిదే పనిచేస్తుంటే నాకు మనసొప్పదండీ" అంటూ ఒక్కో కన్నాన్నీ సూదితో శుభ్రం చేశాడు. గడియారాలు బాగుచేసే చెయ్యి కదా, వణకదు.

అనుమానం తీరలేదు సుమా. ఇంత మంచితనం వెనక ఏదో ఉండాలి. అందుకే టీ కూడా ఆయన ఎదురుగా కూర్చునే తాగుతున్నాను. పలకల మీద దొరికిన ముద్రలన్నీ పంపుతున్నాను.

నీ చెల్లెలు

తా.క. వెనిగర్ అయిపోతే కొనడానికి ఇద్దరం కలిసి వెళ్ళాం. ఒంటరిగా వదలకూడదు కదా.

*

చెల్లాయికి,

కొంప మునిగింది! నువ్వు పంపిన ముద్రలు పదకొండు. పదకొండూ నీవే! ట్రైనింగులో ఉండగా నీ పది వేళ్ళూ సిరాలో ముంచి సాధన చేసినవాణ్ణి, నీ బొటనవేలి సుడి నాకు తెలీదా? వాడిది ఒక్కటంటే ఒక్కటి లేదు. పని నీ చేత చేయిస్తున్నాడు, రేపు ఏదైనా జరిగితే ఇరుక్కునేది నువ్వు. నిన్ను నిలువునా ముంచుతున్నాడు!

సోమవారం నేనే వచ్చి వాడి పెట్టే బేడా బయట పెట్టిస్తాను. ఆలోగా వాడి బొటనవేలి ముద్ర సిరాతో, స్పష్టంగా, తేదీతో సహా తీసుకో. ఏదో ఒక వంక చెప్పు.

బయల్దేరుతున్న,
అన్నయ్య

తా.క. మీ వదిన కూడా వస్తానంటోంది. ఆవిడకి కావాల్సింది నేరస్తుడు కాదు, వెనిగర్ కొలత.

*

అన్నయ్యకి,

నువ్వడిగిన బొటనవేలి ముద్ర జతచేశాను. సిరాతో, తేదీతో, ఆఫీసు స్టాంపుతో సహా ఉంది. వంకేమీ చెప్పలేదు. "మా అన్నయ్య మిమ్మల్ని దొంగనుకుంటున్నాడు, నేనూ అనుకున్నాను" అని నిజమే చెప్పేశాను. ఆయన నవ్వలేదు. "మరి ఇప్పుడో?" అన్నాడు. జవాబు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అన్నయ్యా, ఐదేళ్ళుగా ఈ ఇంటి దండెం మీద ఆరేది ఒక్క తువ్వాలే. నేను కడగనిది ఏదీ దానంతటది శుభ్రపడింది లేదు. నా వంతు వచ్చేసరికి ఎవరో అన్నీ కడిగి పెడితే మొదట భయమేసింది. తర్వాత ఏడుపొచ్చింది. నాకు ఈ మనిషి కావాలి.

ఆ కాగితం రిజిస్ట్రారు ఆఫీసులో ఇచ్చిన మా పెళ్ళి దరఖాస్తు నకలు. ఎడమవైపు వేలిముద్ర ఆయనది. కుడివైపుది ఎవరిదో నీకు చెప్పక్కర్లేదు. కింద మూడో సాక్షి గడి ఖాళీగా ఉంచాం. సోమవారం పదకొండింటికి నువ్వు అక్కడ ఉండాలి. రాకపోతే ఈ జన్మలో నీతో మాట్లాడను.

నీ చెల్లెలు

తా.క. పెట్టే బేడా సంగతి మర్చిపోకు. వెనక గదిలోంచి ముందు గదిలోకి మార్చాలి, ఓ చెయ్యి వేద్దువుగాని.