డబ్బా మీద పేరు

సంయుక్తా,

మా ఆడబిడ్డ కూతురి శ్రీమంతానికి రాంనగర్ పోతున్నాను. నిన్ను కావాలనే లేపలేదు. "కోడలు రాలేదేంది? ఇంకా ఏం విశేషం లేదా?" అని అడుగుతారు. వాళ్లకు నేను చెప్పుకుంటాను.

పప్పు పొయ్యి మీదే ఉంది. గిన్నెలోనే ఉంచు, ప్లాస్టిక్ డబ్బాల్లో పోయకు. వాటిల్లో ఇక బట్టల క్లిప్పులు వేసుకుందాం.

సాయంత్రం కూర అనుదీప్‌ను తెమ్మను. గట్టు మీద కొత్త స్టీలు డబ్బా పెట్టాను. అశోక్‌నగర్ కర్రీ పాయింట్‌కు అదే పట్టుకుపోవాలి, పొగలు కక్కే సాంబారు కవర్లో తేవద్దు. "డబ్బా పట్టుకొని పోతే నవ్వుతరమ్మా" అంటాడు. నవ్వనీ. నిన్న డాక్టరమ్మ చెప్పింది వాడూ విన్నాడుగా. వేడికి ప్లాస్టిక్‌లోని రసాయనాలు తిండిలోకి దిగి హార్మోన్లను తికమక పెడతాయట. ఆడవాళ్లకే కాదు, మగవాళ్ల వీర్యకణాలకూ దెబ్బేనట. మీకు ఆలస్యం కావడానికి ఇదే కారణమని ఆమె అనలేదు, తగ్గించుకోమంది. ఇద్దరినీ కూర్చోబెట్టి మరీ చెప్పింది. ఇంటికొచ్చి ఏడ్చింది మాత్రం నువ్వొక్కదానివే. వాడు టీవీ పెట్టుకున్నాడు. నా కొడుకే అయినా ఒళ్లు మండింది.

లేచాక ఏమైనా తిను.

అత్తమ్మ

మరిచాను. డబ్బా సుల్తాన్ బజార్‌లో కొన్నాను. పేర్లు చెక్కే అతను "ఎవరి పేరు కొట్టాలమ్మా, కొడుకుదా?" అన్నాడు. నీ పేరు కొట్టించాను. ఇన్నాళ్లూ ఊరందరి మాటలు నువ్వే మోశావు. ఇక నలుగురిలో నీ పేరు వాడు మోయనీ.