అక్క సీసాలో ఉప్పు

మార్చి 3
అక్క చేసిన ఆకుల ఉప్పు సీసా అడుగున వేలెడు మిగిలింది. అక్క పోయి నలభై ఆరు రోజులు. చెంచా ముంచడానికి చెయ్యి రాలేదు. ఉడికిన గుడ్డు ఉత్తిదే తిన్నాను.

మార్చి 5
బాల్కనీ కుండీల్లో పుదీనా, వాము ఆకు, రోజ్‌మేరీ ఏపుగా ఉన్నాయి. నీళ్లు పోసేది నేనైనా, అక్కే అనుకుంటున్నాయేమో.

ఈసారి ఉప్పు నేనే చేస్తాను. గడియారం విప్పి వంద ముక్కలూ మళ్లీ బిగించేవాణ్ని, ఆకూ ఉప్పూ కలపడం ఎంత పని?

పదేళ్ల కిందట డాక్టర్ నన్ను ఉప్పు మానమన్నాడు. బీపీ. ఆ రోజు నుంచి అక్క వంట చప్పిడి. పెళ్లీ పెటాకులూ లేని ఇద్దరం, ఒకే బల్ల దగ్గర నెల రోజులు పోట్లాడుకున్నాం. చివరికి ఆవిడే దిగొచ్చింది. ఈ సీసా తెచ్చి నా ముందు పెట్టి, నోరు మూసుకుని చల్లుకోమంది. గెలిచింది నేనే.

మార్చి 6
పచ్చి ఆకులు ఉప్పుతో కలిపి మిక్సీలో వేశాను. నల్లటి ముద్ద. పై వాటా టీచరమ్మ చూసి, ముందు నీడలో ఆరబెట్టాలి మహానుభావా అంది. కప్పు ఆకుపొడికి కప్పు ఉప్పట.

మార్చి 14
ఆకులు గలగలమంటున్నాయి. నలిపి కలిపాను. వాసన అక్కదే. రుచి కాదు. ఉప్పు చాల్లేదేమో, ఇంకో అరకప్పు.

మార్చి 17
ఇంకా కాదు. ఇంకో గుప్పెడు.

ఏప్రిల్ 9, ఉదయం 11
నా గడియారాల షాపులో కళ్లు తిరిగాయి. బీపీ నూట ఎనభై. మళ్లీ ఉప్పు మొదలుపెట్టారా అని డాక్టర్ కసిరాడు. అసలు మానిందెప్పుడన్నాను. పదేళ్ల కిందటే మాన్పించానని మీ అక్కగారు చెప్పారే అన్నాడు.

మధ్యాహ్నం 3
అక్క సీసాలోంచి చిటికెడు తెల్ల కాగితం మీద పోశాను. గడియారాలు చూసే భూతద్దం కంటికి పెట్టి, ట్వీజర్‌తో వేరుచేశాను. ఆకు. ఆకు. ఎండు నిమ్మతొక్క. ఆకు. గంటసేపు వెతికితే ఉప్పు రవ్వ ఒక్కటే ఒక్కటి.

పదేళ్లు నిమ్మతొక్క పులుపు చల్లుకుని ఉప్పని లొట్టలు వేశాను. పైగా గెలిచానని కనబడినవాళ్లకల్లా చెప్పాను. నేను కాస్త ఎక్కువ చల్లుకుంటే, ఇక చాలురా అని చెయ్యి పట్టుకుని ఆపేది కూడా. ఎంత నటన! ఎంత మోసం చేశావే అక్కా.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. బాగా ఏడ్చాను. పోట్లాడదామన్నా మనిషి లేదు.

ఏప్రిల్ 10
నా ఉప్పంతా సింకులో పోసేశాను. డజను నిమ్మకాయలు తెచ్చాను.

ఏప్రిల్ 19
కొత్త సీసా. ఆకు, తొక్క. ట్వీజర్‌తో ఒక్క రవ్వ ఉప్పు.

అదే రుచి.

గుడ్డు మీద చల్లుతూనే ఉన్నాను. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు.