నీటికోడి కుంట

బుధవారం, మధ్యాహ్నం

తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అంతా క్షేమం. నీ కూతురికి జ్వరం తగ్గింది. నాతోపాటే బడికి వస్తోంది. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా స్నానం చేస్తోందనీ, నిద్రపోయిందనీ నేను చెబుతున్నవి సాకులేనని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నా పక్కనే నిలబడి, మాట్లాడనని తల అడ్డంగా ఊపుతుంది.

మా బడి వెనక కుంట నీకు తెలుసుగా. మొదట్లో మా రెండో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తే కప్పల మీద రాళ్లేసేవాళ్లు. నేను తిట్టలేదు. గట్టు మీద బోర్లా పడుకుని, కప్ప ఎత్తు నుంచి చూడమన్నాను. అక్కణ్ణుంచి మనం ఎంత భయంకరంగా కనిపిస్తామో వాళ్లకే తెలిసొచ్చింది. ఆ తర్వాత కుంటలోని జమ్ముగడ్డిలో నీటికోడి గూడు కట్టింది. ఇక చూడు, అందరి నోళ్లూ మూతపడేవి! ఇన్నేళ్లలో నాకు దక్కని మర్యాద ఆ కోడికి దక్కింది. నీ కూతురైతే దగ్గు వస్తే నోరు నొక్కుకుని, దూరంగా పరుగెత్తి దగ్గి వచ్చేది.

పోయిన నెల కుంటను పూడ్చేశారు. టిప్పర్లు వరసగా వచ్చి మట్టి పోస్తుంటే పిల్లలంతా కిటికీలకు అతుక్కుపోయారు. తలుపులు మూస్తానంటే ఒప్పుకోలేదు. కోడి చివరిదాకా గుడ్ల మీంచి లేవలేదు. లేచాక, ఆ మట్టిగుట్ట చుట్టూ అరుస్తూ తిరిగింది. మర్నాడు ఒక్కరూ ఆటలకు పోలేదు. "మాకు దాన్నెందుకు చూపించారు టీచర్?" అని ఒక పిల్ల అడిగింది. పలకలు తీయమన్నాను.

కొత్త సైటులో వేళకు తిను. వీలు చూసుకుని ఒకసారి రా. ఫోన్ చేయడం కాదు, మనిషివి రా.

నీ అక్క

తా.క. మొదటి టిప్పర్ నువ్వు నడపడం నీ కూతురు కిటికీలోంచి చూసింది. దానికి నీ మీద కోపం లేదురా. గూడు సంగతి తెలిస్తే నువ్వు తట్టుకోలేవట. నీ గొంతు వింటే ఏడుపొచ్చి చెప్పేస్తానని భయమట. "నాన్న చూసుకోలేదత్తా, చూసుంటే ఆపేవాడు" అంటుంది. ముందురోజు సాయంత్రమే నీకు గూడు సంగతి చెప్పాననీ, "నేనొక్కణ్ణి ఆపితే ఆగుతుందా అక్కా" అని నువ్వు వెళ్లిపోయావనీ, నేను దానికి చెప్పలేదు.